కాంటాకు పూజ, కంప్యూటర్‌కు ఓపిక

మిర్యాలగూడ రైస్‌మిల్లు కాంటా గదిలోని కంప్యూటర్ ముసలిది. లేవడానికి తెగ బద్ధకిస్తుంటే కాంటా పని చూసే నవనీత దానికి కొత్త మేస్త్రీని పెట్టింది. మేస్త్రీ అంటే మనిషి కాదు, స్విచ్ వేయగానే ఏ ప్రోగ్రాం ముందు, ఏది వెనక అని పనులు పురమాయించే సాఫ్ట్‌వేర్. పాత సిస్టమ్‌డీని సాగనంపి ఓపెన్‌ఆర్‌సీని దింపింది. కంప్యూటర్ చురుగ్గానే లేస్తోంది. లారీల తూకం చదివే ప్రోగ్రామే, దాన్ని సర్వీసంటారు, పొద్దున్నే పడకేస్తోంది. ఆమె వచ్చి చేత్తో లేపేసరికి ధాన్యం లారీలు కోదాడ రోడ్డెక్కి బారు కడుతున్నాయి.

"రేపు గూడ గిట్లనే అయితే పాతదే పెట్టు. కాంటా పని ఇంకొకరు సూస్తరు" అన్నాడు ఓనరు జనార్దన్.

"రేపు నేను చెయ్యి పెట్టకుంటనే లేస్తది సార్."

ఆ సర్వీసు లేవకపోతే తన సర్వీసు లేచిపోతుంది. ఏం జరిగిందో కంప్యూటర్ రాసి పెట్టుకునే లాగ్‌లు నవనీత లాగింది. కాంటా జవాబివ్వలేదని ఒకటే ముక్క. సూర్యాపేట నుంచి కొత్త కేబుల్ తెప్పించి మార్చింది. మధ్యాహ్నమంతా కంప్యూటర్ ఆపి, వేసి చూసింది. వేసినప్పుడల్లా సర్వీసు లేచింది. పొద్దున మాత్రమే ఎందుకు చస్తోందో కళ్లారా చూడాలని మర్నాడు అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

వాచ్‌మన్ బిక్షపతి మెయిన్ వేశాడు. కంప్యూటర్ లేచింది, సర్వీసు చచ్చింది. అప్పటికి మిల్లు ఊడ్చే సక్కుబాయి, తూకం అంకెలు చూపే కాంటా డబ్బాను తడిగుడ్డతో తుడుస్తోంది. తర్వాత పసుపు, కుంకుమ. ఆ మిల్లులో అగర్‌బత్తి వెలిగేదాకా కాంటా బత్తి వెలగదు. రోజూ పూజయ్యాకే వచ్చే నవనీతకు ఈ సంగతే తెలియదు. పాత మేస్త్రీ కాంటా పలికేదాకా సర్వీసును మళ్లీ మళ్లీ లేపేవాడు. కొత్తవాడికి ఆ మాట రాసివ్వడం మరిచింది తనే.

డబ్బా స్విచ్ ముందే వేస్తే ఏమవుతుందని అడిగింది.

"దీపం పెట్టకుంట తూకమా? గదెట్ల బిడ్డా" అంది సక్కుబాయి.

"నీ పూజ నువ్వు చేస్కో అత్తా. కంప్యూటరే ఆగుతది."

పడిపోతే కాసేపాగి మళ్లీ లేపమని రెండు వరుసలు రాసి, కంప్యూటర్ ఆపి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. సర్వీసు లేచింది, పడింది. మళ్లీ లేచింది, పడింది. జనార్దన్ వచ్చి వెనక నిలబడ్డాడు. నవనీత తిరగలేదు. సక్కుబాయి తీరిగ్గా హారతిచ్చి, కళ్లకద్దుకుని, స్విచ్ వేసింది.

కంప్యూటర్ తెర మీద సున్నా వెలిగింది.

మోతె ఊరి నుంచి వచ్చిన లారీ కాంటా ఎక్కింది. సున్నా కదిలి తూకమైంది. జనార్దన్ నవనీత కట్టుకున్న చేతుల వంక ఒకసారి చూసి, తర్వాతి లారీని పిలవడానికి గేటు వైపు నడిచాడు.

సక్కుబాయి మిగిలిన కుంకుమ కంప్యూటర్‌కు పెట్టింది.