మరకలాయన

సిరంజిలోని పచ్చటి గుజ్జులో సగం తెల్ల కుందేలు దూది నోట్లోకి, సగం మరకలాయన చొక్కా మీదికి పోయింది. ఆయన దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దవడ పక్క సందులోంచి మళ్ళీ చుక్కచుక్కగా వదిలాడు. దూది నమలలేదు, మింగలేదు. గుజ్జు గడ్డం కింది తెల్లటి బొచ్చులోకి కారింది. దాని పొట్ట చుట్టూ ఓ చొక్కా చెయ్యి ఉంది. లాండ్రీలో ఎవరూ వచ్చి తీసుకెళ్ళని చొక్కాది. కుట్లు నాక్కోకుండా ఆయనే కత్తిరించి, కాళ్ళకి కంతలు పెట్టి తొడిగాడు.

నిన్ననే దాని గర్భసంచి తీసేశారు. అందులో గడ్డ ఉందట. ఆపరేషన్ బాగానే అయింది గానీ అసలు గండం ఇప్పుడే ఉందని పశువుల డాక్టరమ్మ చెప్పి పంపింది. కుందేలు తిండి మానేస్తే పేగులు ఆగిపోతాయట, పేగులు ఆగితే ప్రాణమే ఆగుతుందట. ఈ సాయంత్రంలోగా అది తనంతట తాను తిని, పెంటికలు వెయ్యాలి. ఆ మాట వినగానే మరకలాయన గుండెల్లో రాయి పడింది.

దూదికి జోడు మసి. నల్లటి మగ కుందేలు, ఆరోగ్యానికి పెట్టింది పేరు. పక్కన ఉంచితే మీదికి దూకి కుట్లు తెంపుతుందని, విడిగా పెట్టమని డాక్టరమ్మ అంది. మసిని వెనక వరండాలో ఓ మూల, చెక్క పలక అడ్డం పెట్టి ఉంచారు.

ఆయనకి మరకలాయన అనే పేరు లాండ్రీలో వచ్చింది. మీసం నల్లగా ఉన్న రోజుల నుంచీ అక్కడ ఆయన పని ఒకటే. ఉతకడానికి వచ్చిన బట్టలన్నీ పొడవాటి బల్ల మీద పోస్తారు. ఒక్కొక్కటి కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తాడు. మరక లేనిది వెనక కుప్పలోకి విసిరేస్తాడు, మళ్ళీ దాని మొహం చూడడు. మరక ఉందా, ఇక లోకమంతా అదే. వాసన చూస్తాడు, గోటితో గీరుతాడు, మందు లోపలి అంచు మీద ముందు ఒక చుక్క వేసి చూస్తాడు. టీ, సిరా, తుప్పు, నెత్తురు, దేని బుద్ధి ఎలాంటిదో ఆయనకి తెలుసు. ఇంట్లోనూ అదే చూపు. మొదటిసారి కలిసినప్పుడు తన మొహం చూశాడో లేదో గానీ మోచేతి దగ్గరి సిరా మరక మాత్రం చూశాడని ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆమె ఇంట్లోనే మిషను మీద దిండు గలీబులు కుడుతుంది.

ఆ రోజు లాండ్రీలో ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. బల్ల దగ్గర నిలబడితే చెయ్యి ఫోను మీదికి పోతోంది. మాటిమాటికీ ఇంటికి చేసి, ఏమైనా ముట్టిందా అని అడుగుతున్నాడు. భార్య మిషను ఆపి, లేచి వెళ్ళి, చూసి వచ్చి చెప్పేది. చివరికి విసిగిపోయింది.

"ఇప్పుడే ఎడం చెవి కదిలింది. రాసుకుంటావా?" అంది.

ఆయనకి నవ్వు రాలేదు. ఆ తర్వాత ఎవరిదో ఖరీదైన కోటు మీద ఒక మందుకి బదులు ఇంకోటి పోశాడు. చిటికెన వేలంత మరక అరచేయంత అయింది. ఆయన చేతిలో మరక పెరగడం యజమాని ఎన్నడూ చూడలేదు. కోప్పడటం కూడా మరిచిపోయి, ఇంటికి పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నేల మీద బోర్లా పడుకున్నాడు, దూది మొహానికి తన మొహం సరిగ్గా ఎదురుగా వచ్చేలా. కొత్తిమీర ఆకు ఆకుగా తుంచి, కాడలు తీసేసి, వేలితో మూతికి అందించాడు. అది తల తిప్పుకుంది. నీళ్ళతో తడిపి ఇచ్చాడు. మళ్ళీ తిప్పుకుంది. భార్య ఆయన పక్కన అన్నం పళ్ళెం పెట్టి, నడుం పట్టుకుని నిలబడింది.

"మసిగాడు ఇవాళ అల్లరే చెయ్యలేదు. బుద్ధిమంతుడైపోయాడు" అంది.

"వాడికేం, గుండ్రాయి" అన్నాడు, దూది మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

ఎండ గోడ దిగిపోతుండగా దూది ముక్కు వణికింది. ముందు ఆయన వేలిని వాసన చూసింది. తర్వాత ఒక ఆకు అంచు కొరికింది. ఆకు మొత్తం దాని నోట్లోకి మెల్లగా జారిపోయింది. ఇంకొకటి తింది. ఇంకొంచెం సేపటికి లేచి, రెండడుగులు వేసి, వెనకాల చిన్న నల్లటి ఉండ ఒకటి వదిలింది. ఆయనకి ప్రాణం లేచివచ్చింది. ఆ పెంటికను అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. ఆమె దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

మసికి కూడా ఈ కబురు చెప్పి రమ్మంది ఆమె. ఆయన వరండాలోకి వెళ్ళి పలక పక్కకి లాగాడు.

మసి, దూది ఉన్న గది వైపు మూలకి ఒదిగి కూర్చుని ఉంది. ఆయన చెవులు నిమిరాడు. చల్లగా ఉన్నాయి. ఎత్తితే తల వాలిపోయింది. వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి, బొచ్చు పాయలు పాయలుగా విడదీసి చూశాడు. కడుపు, కాళ్ళు, మెడ, నోరు. ఎక్కడా గాటు లేదు. ఎక్కడా ఏమీ లేదు.

ఆయన డాక్టరమ్మకి ఫోను చేశాడు. ఆమె, జోడు దూరమైతే ఒక్కోసారి రెండోది బెంగతో తిండి మానేస్తుందనీ, దాని పేగులూ అలాగే ఆగిపోతాయనీ చెప్పింది.

"అది తింటోందో లేదో చూశారా?" అని మెల్లగా అడిగింది.

ఆయన ఫోను కింద పెట్టేశాడు. మసిని ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఏడవలేదు, మసి వీపు మీద చెయ్యి వేసింది అంతే. ఆయన తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళ కింద నల్లటి చారలు ఎప్పుడు వచ్చాయో ఆయనకి తెలియదు.

"నువ్వు తిన్నావా?" అన్నాడు.

ఆమెకి ఆ ప్రశ్న వెంటనే అందలేదు. ఎవరో వెనక నిలబడి ఉన్నట్టు ఓసారి అటు చూసింది.

"లేదు" అంది.

పలక వెనక నేల మీద కొత్తిమీర కట్ట వాడిపోయి పడి ఉంది, పొద్దున ఆయన విసిరినది విసిరినట్టే, కట్టిన దారం కూడా విప్పకుండా.