పెద్దవలలో దొర పెట్టె

వంశధార వరద తీసిన మర్నాడు పొద్దున్నే కళింగపట్నం ఒడ్డున దానమ్మ వాళ్ల పెద్దవల సముద్రంలో ఇరుక్కుంది. కొత్త వల. లోపల ఏదో బరువైనది పడింది. ఒడ్డు మీద నుంచి తాడు లాగుతున్న దానమ్మ మొగుడు రాముడికీ, అతని మనుషులకీ అరచేతులు ఒరుసుకుపోతున్నాయి గానీ వల కదలడం లేదు. పోటు పెరిగితే తాడు కోసి వదిలెయ్యాల్సిందే. వల పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

నేను ఇసుకలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాను. దానమ్మ వచ్చి నా మీద పడింది.

"మావా, ఆ సుట్ట పారెయ్యి. ఊళ్లోకెళ్లి దొర పెట్టె కత సెప్పు."

"ఏ పెట్టె?"

"ఎరగనట్టు అడుగుతావేటి? దొర ఓడ ములిగిపోనాదనీ, బంగారం ఇక్కడే ఉన్నాదనీ దినాం నా బుర్ర తింతావు కదా. ఇయాల పనికొస్తాది, లెగు."

మా ఒడ్డున ఒక కట్టుబాటుంది. వల తాడు మీద చెయ్యి వేసినవాడికి వాటా ఇవ్వాల్సిందే, వాడెవడైనా సరే.

నేను టీ కొట్టు దగ్గరికి వెళ్లి, ఎవరికీ చెప్పొద్దని మరీ చెప్పాను. వలలో పెట్టె పడిందన్నాను. వీధి చివరికి వచ్చేసరికి పెట్టె మీద పడగెత్తిన పాము కూడా చేరింది. పాము నాది కాదు. బాగుంది గనక ఉంచేశాను.

తిరిగి వచ్చేసరికి ఊరు నాకంటే ముందే ఒడ్డున ఉంది. ఎండుచేపలు కొనడానికి నరసన్నపేట నుంచి వచ్చిన ధనరాజ్ ఇస్త్రీ చొక్కాతోనే తాడు పట్టుకున్నాడు. అతని వెనక ముసలి జగ్గమ్మ.

"నీకేలమ్మా? పడిపోతావు," అన్నాడు ధనరాజ్.

"నువ్వు లాగు నాయినా. నాను సెయ్యేసి ఉంటాను. సెయ్యేస్తే సాలు."

రాముడు పాట ఎత్తుకున్నాడు. తాడు జానెడు జరిగింది, మూరెడు జరిగింది.

"ఒస్తన్నాది, ఒస్తన్నాది. వల సిరిగిపోకుండా లాగండర్రా," అంటూ దానమ్మ తాడు వెంట అటూ ఇటూ పరుగెడుతోంది.

కెరటం మీద నల్లగా, పొడుగ్గా ఏదో తేలింది. సగం ఊరు నడుముల్లోతు నీళ్లలోకి దూకింది. వల ఒడ్డెక్కింది. ఒక మూల చిరిగింది, అంతే. లోపల కవళ్ల చేపలు దండిగా పడ్డాయి. వాటి నడుమ వరదకు కొట్టుకొచ్చిన తాటిమొద్దు.

దానమ్మ వలంతా తడిమి చూసుకుని, కళ్లు తుడుచుకుని, చేపలు పంచడం మొదలుపెట్టింది. ధనరాజ్ తన దోసిట్లో పడ్డ కవళ్లను చూడనే లేదు.

"పెట్టేదీ?"

"తాడట్టుకున్నావు, వాటా ఇచ్చినాను. కట్టుబాటు తప్పినానేటి బాబూ?"

ధనరాజ్ మొద్దు దగ్గరికి వెళ్లి వేళ్లతో కొట్టి చూశాడు.

"లోపల డొల్లగా ఉన్నాది," అన్నాడు నెమ్మదిగా.

ఒడ్డంతా మొద్దు చుట్టూ మూగింది. తాడు లాగడానికి ఓపిక లేని జగ్గమ్మ గొడ్డలి కోసం ఇంటికి పరుగెత్తింది. దానమ్మ నావైపు చూసి, నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ కథలో ఓడ నేను కట్టిందే. దొరను ముంచిందీ నేనే. అయినా డొల్లగా ఉందన్నాడు కదా, నేనూ కాస్త ముందుకు జరిగాను.