ఒళ్లో పళ్లెం

"కూర్చునే ఉన్నావుగా, ఇవి కాస్త వలిచెయ్" అంటూ అత్తగారు బఠానీ కాయల పళ్లెం నా ఒళ్లో పెట్టారు.

నిజమే, కూర్చునే ఉన్నాను. బస్సు బోల్తాపడి వెన్ను దెబ్బతిన్నప్పటి నుంచీ ఈ చక్రాల కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఇంకాసేపట్లో ఇందులోంచే, ఎదురుగా బల్లమీదున్న లాప్‌టాప్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూకి జవాబులు చెప్పాలి. ఆ మాటే అన్నాను.

"మాట్లాడేది నోటితోనే కదే? చేతులు ఖాళీయేగా!" అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

కాళ్లు పడిపోయిన కొత్తలో ఇంటిల్లిపాదీ నాకోసం ఏడ్చారు, కాదనను. ఆ ఏడుపు ఆరాక పనుల పంపకం జరిగింది. నిలబడి చేసేవి అత్తగారికి, కూర్చుని చేసేవి నాకు. వలవడం, తరగడం, బట్టల మడతలు, ఇస్త్రీ, ఊడిన బొత్తాలు, పిల్లదాని హోంవర్కు. ఒకప్పుడు కూర్చునే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు పొద్దస్తమానం కూర్చునే ఉన్నా తీరిక లేదు. ఇంట్లో బల్లలకేం కొదవలేదు, అయినా ఎవరి చేతిలో ఏదున్నా నా ఒళ్లో పెట్టి పోతారు. తడి తువ్వాలు, తాళాలు, ఆడపడుచు పసిబిడ్డ. ఓసారి మా ఆయన ఫోన్ మాట్లాడుతూ పొగలు కక్కే టీ గ్లాసు పెట్టేశారు. నాకు నడుం కింద వేడి తెలియదు. బట్టలు మార్చుకుంటుంటే బొబ్బ కనిపించింది. "ముందే చెప్పొచ్చుగా!" అని నామీదే విసుక్కున్నారు. తెలియని మంట గురించి ముందే ఎలా చెప్పను?

వికలాంగులకు కంప్యూటర్ నేర్పి ఉద్యోగం చూపించే కేంద్రంలో చేరిన రోజు, నా కుర్చీ బల్లకిందికి చక్కగా దూరింది. ఒళ్లో ఏమీ లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక బిత్తరపోయాను. నా పక్కన చూపులేనావిడ, చెవిలో కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే, టకటకా టైపు చేస్తూ తనలో తనే నవ్వుకునేది. నేనూ నేర్చుకున్నాను. టైపింగు, లెక్కల షీట్లు, కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు రాయడం. తిట్టేవాళ్లకు మర్యాదగా బదులివ్వడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. కాపురంలోనే వచ్చేసింది.

అక్కడి ఉద్యోగాల మేడమ్ చంకకర్ర టకటకలాడించుకుంటూ వచ్చి చెప్పేది. "మొహమాటానికి పోతే కడుపొచ్చిందట! మీకేం కావాలో నోరు తెరిచి అడగండమ్మా." అంత చెప్పిన మనిషి కూడా, మా ఆయన ఫోన్ చేసి "తనకి ఇల్లే సౌకర్యమండీ" అనగానే, ఇంటినుంచి చేసే పనికే నా పేరు పంపింది. "నీకే సుఖం. పాలు పొంగకుండా చూసుకుంటూ ఉద్యోగం చేసుకోవచ్చు" అన్నారీయన. తలూపాను. అలసిపోయిన మనిషికి వాదించడం కన్నా తలూపడం తేలిక.

లాప్‌టాప్ తెరమీద ఇంటర్వ్యూ చేసే ఆఫీసరమ్మ కనిపించింది. అడిగినవాటికి జవాబులు చెబుతున్నాను. కెమెరాకు అందని చోట నా చేతులు కాయలు వలుస్తూనే ఉన్నాయి. ఆపాలని ఉంది, ఆగడం లేదు. నా చేతులను చూస్తే నాకే భయమేసింది.

"ఏదో చిటపట శబ్దం వస్తోందండీ" అందావిడ.

"ఇంట్లో ఏదోనండీ" అన్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఓ ఫిర్యాదు చూపించి జవాబు టైపు చెయ్యమంది. ఒళ్లో పళ్లెం జారకుండా మోచేతులతో అదిమిపట్టి, ముందుకు వంగి టైపు చేశాను. నాలుగు గింజలు నేలమీదికి దొర్లాయి. "అయ్యాయా?" అని వంటింట్లోంచి కేక.

"బాగా రాశారండీ, ఉద్యోగం మీదే" అంది ఆఫీసరమ్మ. "ఆఫీసులోనూ ఖాళీ ఉంది. ర్యాంపుంది, లిఫ్టుంది, కుర్చీతో సహా ఎక్కే వ్యాను కూడా ఉంది. కానీ మీకు ఇల్లే అనుకూలమని రాసుంది. అంతేనా?"

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న మా ఆయన, అవునని చెప్పమన్నట్టు గడ్డం ఎగరేశారు.

రేపటి నుంచి జీతానికో కంప్యూటరు, జీతం లేకుండా ఈ పళ్లెం, రెండూ ఒకే ఒళ్లో. ఇక నావల్ల కాదు. కోపం ముంచుకొచ్చింది, వింతగా ఊపిరి తేలికైంది. రెండు చేతులా పళ్లెం ఎత్తి కెమెరా ముందు పెట్టాను.

"ఇందాకటి శబ్దం ఇదేనండీ. నేను ఆఫీసుకే వస్తాను."

ఆవిడ పళ్లెం వంక చూసింది. "మా ఇంట్లో అయితే చిక్కుడుకాయలు" అంది మెల్లగా. "సోమవారం ఎనిమిదింటికి వ్యాను మీ గుమ్మం ముందుంటుంది."

తెర ఆరిపోగానే మా ఆయన అరిచారు. "మతిపోయిందా నీకు? ఇంట్లో ఈ పనులన్నీ ఎవరు చేస్తారు?"

కుర్చీ తిప్పుకుని సోఫా దాకా వెళ్లి, పళ్లెం ఆయన ఒళ్లో పెట్టాను.

"కూర్చునే ఉన్నారుగా" అన్నాను.