బొద్దమ్మ సన్నబడ్డాక

యంత్రంలోంచి వేడివేడిగా వచ్చిన దుప్పటి కొసను బొద్దమ్మ ఒడుపుగా అందుకుంది. హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతపెట్టడమే ఎన్నో ఏళ్ళుగా ఆమె పని. సన్నబడడం కోసం పొట్టకు ఆపరేషన్ చేయించుకుని రెండేళ్ళయింది. మనిషి సగానికి తగ్గింది గాని, పేరు మాత్రం రవ్వంతైనా తగ్గలేదు.

"ఇంకా నిన్ను బొద్దమ్మ అంటారేంటి? పుల్లమ్మ అనాలి," అంది తోటి పనామె.

"వద్దులే తల్లీ, దానికే పలకడం అలవాటైపోయింది."

జుట్టు పలచబడింది. జబ్బల దగ్గర చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. మధ్యాహ్నం నాలుగు ముద్దలు నమిలి నమిలి తినాలి. ఇంకొకటి ఆశపడితే కడుపు ఊరుకోదు. మాత్రలు బతికినంతకాలం మింగాల్సిందే. అయినా ఆమెకు ఇవేవీ కష్టంగా తోచవు. షుగరు సూది బాధ తప్పింది. ఆ రోజు లిఫ్టు రాలేదని దుప్పట్ల కట్ట చంకన పెట్టుకుని నడిచింది. పై అంతస్తుకు చేరాకగానీ తాను మెట్లెక్కిన సంగతే గుర్తు రాలేదు. అక్కడే నిలబడి కాసేపు మురిసిపోయింది.

సాయంత్రం పెందలాడే బస్టాండుకు వెళ్ళింది. అక్క తన కూతురికి నెలలు నిండాయని ఊరికి వెళ్ళిపోతోంది. చెల్లెలికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని తెలిసి, వారం రోజులుందామని వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయిన మనిషి. గురక ఆగినప్పుడల్లా భుజం తట్టి లేపేది. వీపు రుద్దేది, కాలి గోళ్ళు తీసేది, మేజోళ్ళు తొడిగేది. ఒక్కనాడూ మొహం చిట్లించలేదు.

"రాత్రి కూడా లేచి నా ఊపిరి విన్నావు కదూ?"

"అలవాటు పోదుగా. పసిపిల్లలా పడుకున్నావు. ఇంక నాకిక్కడ పనేముంది చెప్పు?"

"పనుంటేనే ఉంటావా అక్కా?"

"అక్కడ పురిటి మనిషిని చూసుకోవద్దూ? ఏడవకే, అందరూ చూస్తున్నారు."

అంతలో అక్క చెప్పు పట్టీ ఊడింది. ఆవిడ వంగేలోపలే బొద్దమ్మ మోకాళ్ళమీద కూర్చుని, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని పట్టీ బిగించింది. అక్క ఆ పలచటి జుట్టు మీద చెయ్యి వేసి, బస్సు హారన్ మోగేదాకా తియ్యలేదు.

ఇంటికొచ్చి కిటికీ తెరిచి, నిండుగా ఊపిరి పీల్చుకుంది. బల్లమీద తన యూనిఫాం తిరగేసి ఉంది. నడుము దగ్గర వదులు తగ్గించడానికి అక్క మొదలుపెట్టిన కుట్టు సగంలో ఆగింది. దారం ఎక్కించిన సూది ఆ అంచునే గుచ్చి ఉంది.