పరిగెత్తే చీమను పట్టే కెమెరా

శనివారం పొద్దున శుభవార్త వచ్చేసరికి పిచ్చుక చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. గట్టు మీద ఫోను గుర్రుమంది. ముక్కుతో తెర నొక్కి చదివింది. మళ్లీ చదివింది. తర్వాత ఆ నురగ చేతులతోనే పడగ్గదిలోకి పరిగెత్తి, అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న మొగుడి వీపుకి రెండు అరచేతులూ అచ్చేసింది.

"వచ్చిందండీ. ఆ ఉద్యోగానికి రెండు వందల పన్నెండు మందిలో తొమ్మిది మందిని ఎంచారు. నేనున్నాను."

ఆయన బ్లేడు పక్కన పెట్టి, గడ్డం మీద వెంట్రుకవాసిలో గాటు తప్పిన చోటు తడుముకుని, "ఈ బనీను ఇక ఉతకొద్దు," అన్నాడు.

పిచ్చుక అసలు పేరు కాదు. అన్నకి పుట్టుకతోనే చెవులు వినపడవు. రెండు వేళ్లు ముక్కులా చేసి గాలిలో టకటకా పొడిచి, చెల్లెలికి చిన్నప్పుడే ఆ పేరు పెట్టాడు. మొన్న పెళ్లిలో బావగారికి కూడా ఒక పేరిచ్చాడు. ఆయన పెయింటు కొట్లో రంగులు కలిపే మనిషి గనక చెంప మీద కుంచె లాగినట్టు చూపించి రంగులాయన అన్నాడు. పెళ్లయి నలభై మూడు రోజులే అయినా రంగులాయన రోజుకి రెండు సైగల చొప్పున నేర్చుకుంటున్నాడు. అందులో సగం తప్పులే. ఆ తప్పులంటే పిచ్చుకకి ఎంత ముద్దో చెప్పలేం.

ఉద్యోగం ఇదీ. ఆసుపత్రికి వినపడని రోగి వస్తే డాక్టరు తన గదిలో తెర తెరుస్తాడు. ఇంట్లో కూర్చున్న పిచ్చుక డాక్టరు మాటని సైగల్లోకి, రోగి సైగని మాటల్లోకి మార్చాలి. ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు అన్నకి కడుపునొప్పి వచ్చింది. ఎప్పట్నుంచని డాక్టరు అడిగాడు. అన్న మూడు రోజులని చూపిస్తే, భయంతో వణికిపోతున్న ఆ పిల్ల మూడు గంటలని చెప్పింది. అన్న బతికాడు గానీ నెల రోజులు మంచం దిగలేదు. ఆ తప్పు మాట అన్న ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే ఆమె మర్చిపోలేదు.

ఫోనులో వచ్చిన ఆ ఉత్తరం రెండో పేజీ చదివాక ఇద్దరి నవ్వూ ఆగింది. చివరి పరీక్ష సోమవారం ఉదయం పది గంటలకి, వీడియోలో. నడుము నుంచి తల పైదాకా కనబడాలి, ప్రతి వేలూ విడిగా తెలియాలి. పరీక్ష పెట్టేవాళ్లు 'చెయ్యి కనబడలేదు' అని మూడుసార్లు అన్నారంటే అక్కడితో సరి. మళ్లీ అవకాశం రెండేళ్ల తర్వాతే.

ఇంట్లో ఉన్న కంప్యూటరు రంగులాయన పెళ్లికి ముందు నుంచీ వాడుతున్న పాత డబ్బా. దాని నెత్తిన వేలెడంత కెమెరా. పెళ్లి కుదిరాక ఇద్దరూ దాంట్లోనే మాట్లాడుకునేవాళ్లు.

పిచ్చుక దాని ముందు చెయ్యి ఊపి చూసింది. అయిదు వేళ్లూ కలిసి చీపురులా ఊగాయి.

"దీంట్లో చూసేనా మీరు నన్ను చేసుకున్నది?"

"మొహం సరిగ్గా ఆనలేదు. ధైర్యం చేశాను."

నవ్వుతూనే చెప్పులు వేసుకుని కంప్యూటర్ల కొట్టుకి పరిగెత్తారు. ఆ కొట్టాయన్ని వీధంతా గిగా బాబాయ్ అంటుంది. ఏ మాట మొదలెట్టినా గిగాలోనే తేలతాడు. ఆయన అద్దాల బీరువాలోంచి అన్నిటికన్నా పెద్ద పెట్టె దించాడు.

"చీమ కాళ్లు లెక్కపెట్టుకోవచ్చమ్మా ఇందులో. నచ్చకపోతే రేపు మధ్యాహ్నం రెండు లోపు తెచ్చివ్వండి, మార్చిస్తాను. రెండు దాటితే షట్టరు దించేస్తాను, సోమవారం సాయంత్రం దాకా దొరకను."

పెద్ద కెమెరా ఇంటికొచ్చింది. కంప్యూటరులోంచి అన్న ఫోనుకి వీడియో కలిపారు. పిచ్చుక గబగబా ఇరవై వాక్యాలు సైగ చేసింది. అవతల అన్న కాసేపు చూసి, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని రాతిబొమ్మలా కదలకుండా కూర్చుని చూపించాడు. బొమ్మ అద్భుతంగా ఉంది, నువ్వే కదలడం లేదని అర్థం. పాత డబ్బా పిండిమరలా హోరెత్తింది. అంత పెద్ద బొమ్మని మోయడం దాని వల్ల కాలేదు. పైగా మౌసు, కీబోర్డు, పాటలు దాచుకునే డిస్కు, అన్నీ వేలాడుతున్న చిన్న ప్లగ్గుల డబ్బాకే కెమెరానీ తగిలించారు.

సాయంత్రం మళ్లీ కొట్టు. ఈసారి మధ్యరకం కెమెరా. గిగా బాబాయ్ చెప్పినట్టు దీని తీగని నేరుగా కంప్యూటరు వెనకాలే గుచ్చారు. డబ్బా హోరు తగ్గింది. అన్న ఇరవైకి ఇరవై వాక్యాలూ తిరిగి చెప్పాడు. ఆఖర్న పిచ్చుక ముక్కు చేసి పొడిచి, చప్పట్లకి బదులు రెండు చేతులూ పైకెత్తి ఆడించాడు. పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. అందులో చివరి ముద్ద ఎవరిదన్న దాని మీద చాలాసేపు వాదించుకున్నారు.

ఆదివారం పదకొండింటికి రంగులాయన నిన్న అన్నతో మాట్లాడినప్పుడు కంప్యూటరు దాచిన వీడియో పెట్టుకుని, సైగలు నేర్చుకుంటూ కూర్చున్నాడు.

"ఏమోయ్, ఇక్కడ మాత్ర రోజుకి రెండుసార్లన్నావా, మూడుసార్లా?"

"కళ్లెదురుగా ఉంటే అడుగుతారేంటండీ," అంటూ వచ్చి చూసింది. ఆపి చూసింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. కదులుతున్న చెయ్యి దగ్గర పొగ లాంటి మరక తప్ప వేళ్లు లేవు. రెండో మూడో ఆమెకే తెలియలేదు. మూడని చెప్పినట్టు గుర్తుంది, అంతే.

వెంటనే అన్నని పిలిచింది. నిన్న మూడని ఎలా చెప్పావని అడిగింది.

అన్న వింతగా చూశాడు. 'నీ మొహం చూసి. మూడు అనేటప్పుడు నీ మూతి ఎప్పుడూ ఎడమకి పోతుంది. నీ చేతులు నేను చూడక్కర్లేదు. నువ్వు జేబులో చేతులు పెట్టుకున్నా నాకు తెలిసిపోతుంది.'

పిచ్చుక ఇంతకాలం తన చేతులు ఎరిగిన మనిషినే పరీక్షకి పెట్టింది. ఇరవైకి ఇరవై వచ్చింది కెమెరాకి కాదు, అన్నకి. నేల మీద కూలబడి, "మళ్లీ అదే మూడండీ," అంది. ఆ గొంతు రంగులాయన అంతకుముందు ఎన్నడూ వినలేదు.

ఆయన పక్కనే చతికిలబడ్డాడు. "నీ చేతులు బొత్తిగా తెలియని మనిషి కావాలి. ఈ ఇంట్లో నాకంటే మొద్దు ఎవరున్నారు?"

పడగ్గదిలో తలుపేసుకుని, ఫోను ముందు పెట్టుకుని, తనకి తెలిసిన సైగలతో పిచ్చుక అవతల గదిలో కెమెరా ముందు చేసిన ఇరవై వాక్యాలు కాగితం మీద రాశాడు. ఇరవైలో ఏడు వచ్చాయి. 'పరగడుపున మాత్ర వేసుకో' అన్నదానికి ఎదురుగా 'కోడి గోడ దూకింది' అని ఉంది.

"ఇది మీ తెలివా, కెమెరానా?"

"ఇద్దరం సమానంగా పంచుకున్నాం."

నవ్వబోయి ఏడ్చేసింది. గడియారంలో ఒంటిగంటన్నర.

చెప్పులు వెతుక్కునే ఓపిక లేక ఆమె స్నానాల గది చెప్పులతోనే పరిగెత్తింది, కెమెరా పెట్టెతో వెనకే రంగులాయన. గిగా బాబాయ్ షట్టరు కొక్కెం చేతిలో పట్టుకునే వేళ్లు కనబడని సంగతి విన్నాడు.

"కంప్యూటరే మార్చెయ్యాలమ్మా. పదహారు గిగా ఉన్నది తెప్పిస్తాను. రేపు సాయంత్రానికి..."

"రేపు పదింటికి బాబాయ్ గారూ. పది దాటితే మీరు బంగారు కంప్యూటరు ఇచ్చినా నాకెందుకు?" పిచ్చుక రెండు చేతులూ ఆయన మొహం ముందు గబగబా ఆడించింది. "ఇదిగో, ఇదీ నా పని. ఇది కనబడాలి."

ఆయన ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయాడు. గిగా అన్న మాట లేకుండా ఆయన మాట్లాడటం రంగులాయన అదే మొదటిసారి వినడం.

"ముందే చెప్పాల్సిందమ్మా. నీక్కావలసింది చీమ కాళ్లు కాదు, పరిగెత్తే చీమ."

కొక్కెం పక్కన పెట్టి, కింది అరలోంచి దుమ్ము పట్టిన చిన్న పెట్టె తీశాడు. దీని బొమ్మ చిన్నది. కానీ సెకనుకి అరవై బొమ్మలు తీస్తుంది, మిగతావి ముప్పయ్యే. పెట్టె మీద పెద్ద అంకె లేదని ఎవరూ కొనరట. చిన్న బొమ్మ గనక పాత డబ్బా మొయ్యగలదట. వాళ్లు వీధి మలుపు తిరిగేలోగా వెనక షట్టరు గడగడమని దిగింది. ఇక మార్చుకోవడానికి లేదు.

ఇంటికొచ్చి బిగించారు. రంగులాయన కాగితం మీద ఇరవైకి పదకొండు.

మళ్లీ చేశారు. పది.

పిచ్చుక కుర్చీలో ముడుచుకుని, "ఉత్తరం రాసేస్తానండీ. రాలేనని చెప్పేస్తాను. కనబడలేదు, కనబడలేదు, కనబడలేదు అని మూడుసార్లు వినడం నా వల్ల కాదు," అంది. ఆయన తెర మూలలో గోరంత అంకె ఒకటి ఉంటే దాని మీద వేలు పెట్టాడు.

"ఇది పదిహేను అంటోంది. బాబాయ్ అరవై అన్నాడు కదా."

"మోసం చేశాడా?"

"ఆగు." లేచి వెళ్లి ట్యూబులైటు పక్కన బల్బు కూడా వేశాడు. అంకె పంతొమ్మిదికి పెరిగింది. ఆర్పేస్తే పదిహేను. రంగులాయన గది చుట్టూ చూశాడు. ఎదురు మేడ మీద టైలరు మిషను ఆపి మరీ ఇటు చూస్తుంటాడని, ఇద్దరూ సిగ్గుపడి, కాపురం పెట్టిన రెండో రోజే తెచ్చి కిటికీకి కట్టిన నీలం తెరలు. ముదురు నీలం, మందమైన గుడ్డ. ఆ రంగు ఏరింది ఆయనే. నలభై రోజులుగా ఆ గదిలోకి పగలన్నది రాలేదు.

"కొట్లో లోపల లైటు కింద రంగు చూపిస్తే ఎప్పుడూ పేచీయే," అన్నాడు నెమ్మదిగా. "గోడకి వేశాక ఇది అది కాదంటారు. అందుకే డబ్బా మూత తీసుకుని బయటికి తీసుకెళ్తాం. కంటికి వెలుతురు చాలకపోతే రంగు తప్పుతుంది. ఈ పాపిష్టి కెమెరా, వెలుతురు చాలక, ఒక్కో బొమ్మకి కళ్లు చికిలించుకుని కూర్చుంటోంది. ఈలోపు నీ చెయ్యి ఎక్కడికో పోతోంది."

తెరలు లాగేశారు. టైలరు మిషను ఆపాడు. అయినా ఎదురు గోడ అడ్డం, అంకె ఇరవై ఆరు దాటలేదు. ఇంట్లో ఆకాశం కనబడే కిటికీ వంటింట్లో ఒక్కటే ఉంది. ఎండ నేరుగా పడదు గానీ పగలంతా తెల్లటి వెలుతురు. ఇద్దరూ డబ్బాని పసిపిల్లలా ఎత్తుకుని వంటింట్లోకి మోశారు. పొయ్యి పక్క గట్టు మీద తెర, పప్పు డబ్బాల మీద కెమెరా, కిటికీకి ఎదురుగా పిచ్చుక.

అంకె నలభై, యాభై, యాభై తొమ్మిది అయింది.

ఇరవైకి పదిహేడు వచ్చాయి.

మూడు తప్పులు. ఆ అంకె చూడగానే ఆమె కాగితం బోర్లించేసింది.

"తిప్పు, తిప్పు," అన్నాడు రంగులాయన. "ఇందులో రెండు నాకు రానివి. మర్చిపోయాను, ఒప్పుకుంటున్నా. మూడోది మాత్రం నిజంగా మసకే. నువ్వు చెయ్యి ముందుకి చాపినప్పుడల్లా కెమెరా చేతిని చూడాలా మొహాన్ని చూడాలా అని తికమకపడుతోంది."

గట్టుకి ఆనుకుని ఇద్దరూ ఆ కెమెరా మీటలన్నీ వెతికారు. దూరం తనంతట తాను మార్చుకోకుండా బిగించే మీట దొరికేసరికి కిటికీలో ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. అంకె ముప్పై నాలుగు. చూస్తుండగానే ఇరవై ఎనిమిది. ఇవాళ్టికి ఇక పరీక్ష పెట్టుకోవడానికి లేదు. ఆ మీట పనిచేసిందో లేదో తేలలేదు.

పిచ్చుక ఫోను తీసి అన్నని పిలిచింది. జరిగిందంతా చెప్పింది. అన్న తన గుండె మీద వేలు పెట్టి, చెయ్యి అడ్డంగా ఊపాడు. రేపు నేను వద్దు అని. తను పనిచేసే అచ్చు ప్రెస్సులో పక్క మిషను మీద ఒక పెద్దావిడ పనిచేస్తుంది, ఆవిడకీ వినపడదు, చెల్లెల్ని ఎన్నడూ చూడలేదు, మొహమాటం అసలే లేదు. ఆవిడ సరేనంటేనే సరే.

ఫోను పెట్టేసి పిచ్చుక కళ్లు తుడుచుకుంది. మొగుడి చొక్కా జేబులోంచి పెన్ను లాగి, ఇరవై వాక్యాల కాగితం వెనక రాయడం మొదలుపెట్టింది, పైకి చదువుతూ.

"రేపు ఎనిమిదికల్లా కిటికీ అద్దం తుడవాలి, లోపలా బయటా. ఆ పని మీది. పొయ్యి వెలిగించం, పొగ వద్దు. బన్ను తిందాం. తొమ్మిదికి ప్రెస్సావిడకి ఇరవై వాక్యాలు. ఆవిడకి అర్థం కాకపోతే చెయ్యి ఎంత ముందుకొచ్చిందో గట్టు మీద సుద్దతో గీత గీసుకుని, అది దాటకుండా మళ్లీ చేస్తాను. పదికి అయిదు నిమిషాలుందనగా మీరు గుమ్మం అవతల నిలబడాలి. మబ్బు పట్టి ఆ అంకె యాభై కంటే తగ్గితే తెల్ల దుప్పటి పట్టుకుని, కెమెరాకి కనబడకుండా నా పక్కన నిలబడండి, వెలుతురు నా మీద పడేలా."

"ఎంతసేపు?"

"పరీక్ష అయ్యేదాకా. చేతులు దించకూడదు."

"రేపు కొట్టుకి సెలవు పెడతానని ఇప్పుడే ఫోను చేస్తా," అని రంగులాయన దుప్పటి వెతకడానికి వెళ్లాడు.