కోటబురుజులో పన్నెండుమంది

మా ఆయన పరుశురాంకి లోకంలో రెండే పనులు. సూరత్ పక్కన కడోదరా నుంచి జోల్వా పోయి మరమగ్గాల షెడ్డులో పన్నెండు మగ్గాలు చూసుకోవడం ఒకటి, ఇంటికొచ్చి ఫోన్లో కోటబురుజు ఆట ఎంతమంది ఆడుతున్నారని కొట్లాడటం రెండోది. ఆడటం కోసం కాదు సుమా, ఆడేవాళ్లెందరన్న దాని కోసం కొట్లాట. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎన్నిసార్లు అన్నానో, ఆ సామెత నేను నడిపే భోజనాల మెస్సు గోడలకు కూడా నోటికొచ్చి ఉంటుంది.

కోటబురుజు అంటే ఒక కోట, దాన్ని కాపాడే సైనికులు, వాళ్ల మీదికొచ్చే శత్రువులు. ఎక్కడెక్కడివాళ్లో ఎవరి ఫోన్లో వాళ్లు, అంతా కలిసి ఆడతారు. నెలనెలా చందా కట్టాలి. మొదట్లో షెడ్డు షెడ్డంతా ఆడింది. తర్వాత ఒక్కొక్కరే మానుకున్నారు. కంపెనీ మాత్రం పండగ పండక్కీ రంగురంగుల ప్రకటన పెట్టేది. చందాదారులు మూడు లక్షలు, తర్వాత ఐదు లక్షలు, మొన్నటికి ఎనిమిది లక్షలు. దాని మీద ప్రతి ఆదివారం సూరత్ మనవాళ్లు, సిరిసిల్లవాళ్లు, భివండివాళ్లు ఫోన్లోనే ఒకచోట చేరి వాదించుకునేవాళ్లు. వినేవాళ్లు వందల్లో ఉండేవాళ్లు.

భివండిలో గోపాల్ అనే పిల్లవాడు ఉన్నాడు. ఆ ఆటంటే వాడికి ప్రాణం. "ఎనిమిది లక్షల మంది పిచ్చోళ్లానే అన్నా? ఆట హిట్టు. ఒప్పుకోరాదు!" అనేవాడు.

"ఎనిమిది లక్షల మందుంటె బురుజు మీద ఎప్పుడు జూసినా గవే పేర్లెందుకుంటయ్‌రా?" అని మా ఆయన. "పైన పటారం లోన లొటారం. చందా లెక్కలు వాళ్లు ఎంతన్న రాసుకోని. ఆడెటోళ్లు లేంది ఆట బతుకుతదా?"

నిజం చెప్పొద్దూ, పైకి విసుక్కున్నా ఆ దర్జా చూస్తే నాకు లోపల మురిపెంగానే ఉండేది. షెడ్డులో పక్క వరస మగ్గాలు చూసే పరమేశ్‌కైతే మా ఆయన మాట వేదం. అన్న ఆట దండగన్నాడని చందా కట్టడమే మానేశాడు.

ఇక నా తమ్ముడు సుజిత్. అమ్మ పోయాక నా చేతుల మీదే పెరిగాడు. మాట తెలుగులో మొదలుపెట్టి, హిందీలో నడిపించి, గుజరాతీలో ముగిస్తాడు. స్కూలు సెలవుల్లో బావ వెంట షెడ్డుకు పోయి మగ్గాల పని నేర్చుకున్నాడు. ఆ దుమ్ము వాడికొద్దని నేనే మాన్పించి కంప్యూటర్ చదువులో వేశాను. ఇప్పుడు సూరత్ నగరంలో, ఖటోదరాలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఏం పనిరా అంటే "కంప్యూటర్ పనక్కా, బయట జెప్పొద్దన్నరు" అనేవాడు. బయట చెప్పకూడదంటే పెద్ద పనే అయ్యుంటుందని నలుగురిలో గొప్పలు పోయాను.

పోయిన ఆదివారం వాదనలో మా ఆయన ఒక మాటన్నాడు. ఆ మాటతోనే మా కొంప మునిగింది.

"తమ్మీ గోపాల్, తూర్పు బురుజు మీద పన్నెండు మంది సైనికులున్నరు జూడు. పన్నెండు పేర్లు, పన్నెండు ఊర్లు. అయినా గా పన్నెండు మంది ఒక్కడే. ఎట్లంటవా? ఆ కొసకున్నోడు ఆగిపోయిండనుకో. ముందుగాల ఈ కొసకున్నోడు జర కదుల్తడు, తర్వాత వాని పక్కపొంటి ఉన్నోడు, గట్ల వరసవెట్టి పోయి పోయి ఆఖరుకు ఆగినోడు కదుల్తడు. మేం షెడ్డుల గిట్లనే పోతం. దూరపు మగ్గం ఆగితే, పొయ్యేటప్పుడు నడుమల ఉన్న ప్రతి మగ్గం బట్ట మీద ఓపారి చెయ్యేసి సూసుకుంటనే పోతం. ఆడ బల్ల మీద పన్నెండు ఫోన్లు పెట్టుకోని ఒక్కడే తిరుగుతున్నడు. పందెం కాస్తవా? వాడు మగ్గం పట్టినోడే. మనోడే!"

ఆ చివరి మాట కోపంతో అనలేదు, సంతోషంతో అన్నాడు. మనవాడు ఎంతవరకు ఎదిగాడో చూడండి అన్నట్టు అన్నాడు. మగ్గం మనిషికి తప్ప ఇంకొకరికి రాని సంతోషం అది. మగ్గం మనిషి తప్ప ఇంకొకరు చేయని తప్పు కూడా అదే.

అందరూ నవ్వారు. ఎవరో ఆ ముక్కను మాత్రం కోసి, కింద హిందీలో అక్షరాలు వేసి, ఫోన్ ఫోన్‌కూ పంచారు.

మంగళవారం మధ్యాహ్నం మెస్సు ఖాళీ అయ్యాక ఇద్దరు మగవాళ్లొచ్చారు. భోజనమా అని అడిగితే కాదన్నారు. ఒకడు పప్పు గిన్నె మూత తీసి చూసి, మళ్లీ మెల్లగా పెట్టాడు.

"సుజిత్ అక్కవి నువ్వేనా?" అని హిందీలో అడిగాడు. "నీ భర్త మగ్గాల్లో పనిచేస్తాడట. జోల్వాలో ఏ షెడ్డు?"

"మీరెవరు?"

"సుజిత్ ఆఫీసువాళ్లం. అతను ఇవాళ ఆలస్యంగా వస్తాడు. మాట్లాడాల్సింది కొంత ఉంది."

వాళ్లు గొంతు పెంచితే నేనూ పెంచేదాన్ని. నా నోటికి జంకనివాళ్లు కడోదరాలో తక్కువ. కానీ వాళ్లు చుట్టపుచూపుకు వచ్చినంత మర్యాదగా మాట్లాడారు. రెండోవాడు మెస్సు బోర్డును, నన్ను ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. వెళ్తూ గుమ్మంలో ఉన్న చీపురును కాలితో పక్కకు జరిపి వెళ్లాడు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. సుజిత్‌కు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. మళ్లీ చేశాను. మళ్లీ అదే. పొయ్యి ఆర్పానో లేదో కూడా చూసుకోకుండా ఆటో ఎక్కి జోల్వా పోయాను.

షెడ్డులో గొంతు చించుకున్నా వినబడదు. అక్కడ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. పెళ్లైన కొత్తలో నేనూ అక్కడ నూలు కండెలు చుట్టినదాన్నే కాబట్టి నాకూ ఆ విద్య వచ్చు. ఆయన ఎదురుగా నిలబడి పెదవులతోనే చెప్పాను: "సుజిత్ ఫోన్ బందున్నది. ఆఫీసోళ్లు వచ్చిండ్రు. నీ షెడ్డు ఏదని అడిగిండ్రు."

"నేనెందుకు వాళ్లకు?" అన్నాడు.

నాకు తెలియదని చేతులు తిప్పాను. ఆయన వెనక ఒక మగ్గం ఆగిపోయింది. అలవాటు కొద్దీ అటు తిరిగి, దారిలో ఉన్న మగ్గం బట్ట మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గా పన్నెండు మంది మన సుజితే," అన్నాయి పెదవులు. "గిట్ల పోవుడు వానికి నేర్పింది నేనే."

పరమేశ్ పరుగెత్తుకొచ్చి, మగ్గాలు నేను చూసుకుంటాను పొమ్మని సైగ చేశాడు. ఆటోలో నేను మా ఆయన్ని తిట్టని తిట్టు లేదు. "నీ నోట్ల మన్నువడ! మనోడే, మనోడే అని ఊరంతా చాటితివి గదా! మగ్గం పట్టినోడు ఆ ఆఫీసుల ఇంకెవడున్నడు? వాడే నీకు జెప్పిండనుకోరా?"

"నాకేం ఎరుక వినోదా, వాడు ఆడ పనిజేస్తుండని."

"పోలీసుల కాడికి పోదాం పా."

"పోయి ఏం జెప్తం? దొంగ సైనికులను ఆడిచ్చింది మావోడేనని జెప్తమా? ముందు వాన్నే గుంజుకపోతరు."

ఆ మాట నిజమే. అందుకే ఇంకా భయమేసింది.

ఖటోదరాలో ఆ ఆఫీసుకు బోర్డు లేదు, సుజిత్ ఒకసారి బయటినుంచి చూపించిన గుర్తుతో పట్టుకున్నాం. కింద బట్టల గోదాం, పైన ఇనుప తలుపు. లోపల పొడవాటి బల్లలు, ఒక్కో బల్ల మీద వరసగా నిలబెట్టిన ఫోన్లు. ఒక్కో బల్ల చుట్టూ ఒక్కో కుర్రవాడు తిరుగుతూ తెరల మీద వేలు పెడుతూ పోతున్నాడు. మమ్మల్ని చూసి కూడా ఎవరూ ఆగలేదు. ఒక బల్ల దగ్గర మాత్రం మనిషి లేడు.

సుజిత్ అద్దాల గదిలో మేనేజరు ముందు కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెయ్యి చేసుకున్నట్టు పైకి కనబడలేదు. అయినా వాడు నన్ను చూసి తల దించుకున్నాడు. మేం లోపలికి పోగానే మధ్యాహ్నం మెస్సుకొచ్చినవాడు తలుపుకు తాళం తిప్పాడు.

"కూర్చోండి బెహన్‌జీ," అన్నాడు మేనేజరు హిందీలో. "ఈ శుక్రవారం ముంబై నుంచి కంపెనీ కొనేవాళ్లొస్తున్నారు. మా ఆటకు ఎనిమిది లక్షల మంది ఉన్నారని వస్తున్నారు. నీ భర్తేమో పన్నెండు మంది ఒక్కడే అంటున్నాడు. మగ్గాల ఇంటినుంచి మా దగ్గరికొచ్చినవాడు మీవాడొక్కడే. లోపలి సంగతి ఎంతకు అమ్మాడో చెప్పమంటే చెప్పడం లేదు."

"వాడు జెప్పలే సాబ్," అన్నాడు మా ఆయన. "కదులుడు జూసి నేనే పట్టిన."

"ఆట చూసి? నన్ను నమ్మమంటావా?"

నిజం ఒక్కటే మా దగ్గరుంది, అదేమో అబద్ధంలా ఉంది. మేనేజరు కేసు పెడతానన్నాడు. ఆఫీసు రహస్యాలు అమ్ముకున్న దొంగ అని పేరు పడితే కుర్రవాడికి జన్మలో ఇంకోచోట పని దొరకదన్నాడు. జైల్లో వాడికేమైనా అయితే తన పూచీ లేదన్నాడు. నేను చీర కుచ్చెళ్లు పట్టుకుని కూర్చున్నాను. అంతా అయ్యాక అతని గొంతు మెత్తబడింది.

"లేదంటే సుళువైన దారి ఒకటుంది. నువ్వే చెప్పావు కాబట్టి నువ్వే దిద్దు. ఇప్పుడే, మా ముందే."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ మనిషి అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. "జెప్పు," అన్నాను. "ఎనిమిది కాదు, ఎనభై లక్షలని జెప్పు." సిగ్గనిపించలేదు. నా తమ్ముడు ఆ తలుపు దాటితే చాలనిపించింది, అంతే.

మా ఆయన ఫోన్ తెరిచి అందరినీ పిలిచాడు. మంగళవారం పిలిచేసరికి ఏమైందోనని జనం ఎగబడి వచ్చారు. "అన్నలాల, తమ్ములాల, ఆదివారం నేనన్నది తప్పు. పన్నెండు మంది పన్నెండు మందే. ఎనిమిది లక్షలన్నది నిజమే. ఆట మంచిగ నడుస్తున్నది. ఆడుకోండ్రి," అన్నాడు.

"నిజంగనే అంటున్నవా అన్నా?" అని గోపాల్ గొంతు.

"నిజంగనే తమ్మీ."

"నువ్వే అన్నంక ఇగ మాటేమున్నదే!" వాడి గొంతులో గెలిచిన సంబరం లేదు, ఉన్నదంతా నమ్మకమే. మా ఆయన ఫోన్ ఆపి నేల చూపులు చూశాడు.

తాళం తీశారు. సుజిత్ రేపు మామూలుగా పనిలోకి రావచ్చన్నాడు మేనేజరు. మా ఆయన గొంతు బాగుందని, ఇలాగే అప్పుడప్పుడూ వచ్చి నాలుగు మాటలు చెప్పిపొమ్మని నవ్వాడు. మెట్లు దిగాక నేను సుజిత్ చెయ్యి వదలలేదు. వెనక స్కూటరు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను.

మెస్సు మళ్లీ తెరవలేదు, షట్టరు సగం దించి కూర్చున్నాం. పొద్దు గుంకే వేళకు పరమేశ్ వంగి లోపలికొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"అన్నా, నువ్వు జెప్పంగనే మళ్ల కట్టిన! ఏడాదికి ఒక్కపారే కట్టిన. ఊర్లున్న మా తమ్ముండ్లిద్దరికి గూడ కట్టిన. షెడ్డుల అందరు కడుతున్నరే. పరుశురాం అన్ననే ఒప్పుకున్నడంటె ఇగ ఢోకా లేదంటున్నరు!"

మా ఆయన తలూపాడు. పరమేశ్ పోయాక చాలాసేపు ఫోన్ మోగుతూనే ఉంది. అందరిదీ అదే మాట, నీ మాట మీద మేమూ కట్టామని.

"వినోదా," అన్నాడు చివరికి. "వీన్ని ఇడిపిచ్చుకచ్చినం. గా నమ్మినోళ్లను ఎవలు ఇడిపియ్యాలె?"

"ఆ ముచ్చట మళ్ల ఎత్తకు!" అని ఫోన్ లాక్కుని కొంగులో కట్టేసుకున్నాను. "ఎవలు మునుగుతె నాకేంది? నా తమ్ముడు నా కండ్ల ముంగటుంటె సాలు." మనస్ఫూర్తిగానే అన్నాను. ఇప్పటికీ ఆ మాట తప్పనుకోను.

అప్పటిదాకా గోడవైపు చూస్తున్న సుజిత్ చెయ్యి చాపాడు. "ఫోన్ ఇయ్యక్కా."

"ఎందుకు?"

వాడు వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తాడు. వీపు నిండా నల్లగా కమిలిన వాతలు.

"గివి అంత తాకలేదక్కా," అన్నాడు. "నాకోసం బావ అబద్ధమాడంగ ఇన్న జూడు, గదే తాకింది. రేపు నేను ఆ బల్ల కాడికే పోవాలె. బావ వచ్చి మళ్ల గట్లనే జెప్పాలె. ఎన్ని రోజులు?"

"వద్దురా. చంపుతర్రా," అన్నాను. ఏడుస్తూనే అన్నాను. వాడు నా కొంగు ముడి తానే విప్పుకున్నాడు. నేను చేతులు అడ్డం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు తెలియదు.

మా ఆయన జరిగి పక్కన చోటిచ్చాడు. సుజిత్ ఆ ఫోన్లో మళ్లీ అందరినీ పిలిచి గొంతు సవరించుకున్నాడు. అవతల వందల మంది.

"నా పేరు సుజిత్. కడోదరాల ఉంటం. తూర్పు బురుజు మీది పన్నెండు మంది నేనే."

నేను లేచి షట్టరు పూర్తిగా కిందికి లాగి గొళ్లెం వేశాను. దానికి వీపు ఆనించి నేలమీద కూలబడ్డాను. ఇనుప రేకు గడగడా కొట్టుకుంటుంటే బయట ఎవరో తడుతున్నారనుకుని ఇంకా గట్టిగా ఆనుకున్నాను. బయట ఎవరూ లేరని, అది నా వణుకేనని కాసేపటికి గానీ తెలియలేదు.