ఇల్లు వదలమన్న నక్షత్రం

మా ఆయన పైడిరాజు పొద్దున్నే, ఎస్టేటు గేటు తీసే గంట మోగుతుండగా పోయాడు. జ్వరమన్నారు. కంపౌండరు ఇచ్చిన చేదు మందు తాగినన్నాళ్ళు తాగి, ఆ తెల్లవారుజామున గ్లాసు పక్కకు తోసేశాడు. గంట ఆగేసరికి ఊపిరీ ఆగింది. బయట జనం బకెట్లు పట్టుకుని హాజరు పిలుపుకు పరుగెడుతున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని, ఇవాళ నా వరసలో రబ్బరు చెట్లు ఎవరు గీస్తారో అనుకున్నాను. మొగుడు పోయిన క్షణాన ఆడదానికి రావలసిన ఆలోచన అది కాదని నాకూ తెలుసు. వచ్చింది మాత్రం అదే.

అత్త పాపాయి గుండెలు బాదుకుని ఏడ్చింది. లైన్లని పిలిచే కూలి ఇళ్ళ వరసల్లోంచి ఆడవాళ్ళంతా వచ్చి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. "బిగుసుకుపోనాది పాపం, సిన్నతల్లి" అన్నారు కొందరు. "మొండిది" అన్నారు ఇంకొందరు. రెండూ నా చెవిన పడ్డాయి. ఎవరో వేరే మనిషి గురించి చెప్పుకుంటున్నట్టు అనిపించింది.

మట్టి చేసి వచ్చాక, సాయంత్రం గంగయ్య తాత పంచాంగం పట్టుకుని వచ్చాడు. కౌలాలంపూర్ వైపు ఉన్న మా రబ్బరు ఎస్టేటులో తెలుగువాళ్ళకు ఒక రామమందిరం ఉంది, దాని మంచిచెడ్డలు చూడడానికి గంగయ్య తాత ఉన్నాడు. ఏటా ఇండియా నుంచి ఆయనకు ఓడలో పంచాంగం వస్తుంది. పెళ్ళయినా, పురుడైనా, చావైనా అందులో చూడనిదే ఆయన నోరు విప్పడు. కళ్ళజోడు సవరించుకుని, వేలితో అక్షరాలు తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగి తలూపాడు.

"తెల్లారి అయిదింటికి ధనిష్ఠ వచ్చినాది. మనోడు గేటు గంటకి పోనాడు, అంటే ఆరు. ధనిష్ఠలోనే పోనాడు. ఇల్లు ఒగ్గేయాల పాపాయీ. ఆరు నెలలు ఈ ఇంట పొయ్యి ఎలిగించకూడదు, దీపం ఎట్టకూడదు."

ధనిష్ఠలో మనిషి పోతే ఇల్లు వదలాలని తెలియని తెలుగువాళ్ళు ఉండరు. వదలకపోతే ఆ దోషం ఇంట్లో ఇంకొకరిని తీసుకుపోతుందని భయం. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది అత్తా నేనూ. అత్త నా వంక చూసింది. నేను అత్త వంక చూశాను.

మంచి రోజుల్లో అయితే ఇదేమంత చిక్కు కాదు. తాళం వేసి, అయినవాళ్ళ ఇంట్లో తలదాచుకుని, గడువు తీరాక వచ్చి ఇల్లు కడుక్కుంటారు. కానీ అవి తిరుగుబాటును అణచడానికి తెల్లదొరల సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు కూలీలు బియ్యం అందిస్తున్నారని సర్కారుకు అనుమానం. విడివిడిగా ఉన్న లైన్లన్నీ ఒకచోటికి చేర్చి, చుట్టూ ముళ్ళకంచె బిగించారు. పొద్దున గంటకు గేటు తీస్తారు, చీకటి పడకముందే మూస్తారు. పనికి వెళ్తుంటే ఆడపోలీసు మా కొంగులు విప్పించి బియ్యం గింజల కోసం తడుముతుంది. మమ్మల్ని ఎవరి నుంచి కాపాడుతున్నారో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

కూలీల మీద మేస్త్రీ, కంగాణి మారిముత్తు తమిళుడు. మా తెలుగు బాగానే మాట్లాడతాడు, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తాడు. మర్నాడు వాకిట్లో నిలబడి, నా మొహం చూడలేక గొళ్ళెం వైపు చూస్తూ చెప్పాడు.

"కంచె లోపల కాలీ ఇల్లు కూడదమ్మా. మీరు పోతే ఆ ఇల్లు వేరే కుటుంబానికి. ఒక మలయాళీ సాయిబు కాచుకుని ఉన్నాడు, వాళ్ళకి ఈ నచ్చత్రం పట్టింపు లేదు. లోపల పడుకోనివాళ్ళకి పనీ లేదు. దొర ఆర్డర్ లా, నేనేం సేసేది? నెలాకరికి సెప్పండి."

అంటే ఆరు నెలలు పోవడమంటే మొత్తానికే పోవడం. ఇల్లు పోతుంది, చెట్లు గీసే పని పోతుంది. పోకపోతే ధనిష్ఠ కూర్చుని ఉంటుంది.

ఆ తరువాత మాకు సలహాలు చెప్పనివాడిదే పాపం. కౌలా సెలంగోర్‌లో చేపలు ఎండబెట్టే పని దొరుకుతుందని ఒకరు, కౌలాలంపూర్ వెళ్ళి ఏ దొరసాని ఇంట్లోనో గిన్నెలు తోముకోమని ఒకరు. తమకు ధనిష్ఠ పట్టనివాళ్ళందరికీ ఊళ్ళు బాగా తెలుసు. చివరికి తేలినవి రెండు.

మొదటిది కాపార్. అత్త తమ్ముడు వెంకటరావు అక్కడ కొబ్బరితోట, నాలుగు ఆవులు పెట్టుకుని ఉన్నాడు. పెద్దకర్మనాడు వచ్చి, అక్క చేతులు పట్టుకుని, "మా ఇంటికి వచ్చీ అక్కా. సిన్నతల్లి కూడా వస్తాది. మా ఆడదానికి ఒంట్లో బాగోదు, సాయంగా ఉంటాది" అన్నాడు. సాయం అనే మాటలో ఎంత పేడ ఉందో, ఎన్ని కడవల నీళ్ళున్నాయో నాకు అర్థమైంది. అయినా ఏమీ అనిపించలేదు.

రెండోది క్లాంగ్. మా అన్న రామదాసు అక్కడ రబ్బరు గోదాములో పని చేస్తాడు. "క్లాంగ్ అంటే కౌలాలంపూర్ అంత పెద్దదీ కాదు, కాపార్ అంత సిన్నదీ కాదు. గోదాములో రబ్బరు పలకలు ఏరడానికి ఆడోళ్ళని తీసుకుంటన్నారు. నీ కూలి నీది" అన్నాడు.

అత్త మొహం ముడుచుకుంది. అన్న వెళ్ళాక అంది, "కోడలి అన్న పంచన సేరి కూడు తినాలేటి నాను? జనం నవ్వరూ?"

"నీ ఇష్టం అత్తా. ఎక్కడైనా ఒకటే" అన్నాను.

నిజంగానే ఒకటే. గంట కొడితే లేచేదాన్ని, గంట కొడితే పడుకునేదాన్ని. మధ్యలో చెట్టు గీస్తే పాలు కారేవి. ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని అత్త వరండాలో వండేది. ధనిష్ఠకు గుమ్మం లోపలికీ బయటికీ తేడా తెలుస్తుందో లేదో గాని, అత్త మాత్రం అలా సర్దుకుంది. వండింది తినేదాన్ని. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని.

అన్న పోరుపెడితే, మారిముత్తు దగ్గర పాసు రాయించుకుని ఒకరోజు క్లాంగ్ వెళ్ళాను. అన్న తన ఇంటికి తీసుకుపోలేదు. అత్త మాట ఎలా తెలిసిందో, నాగప్పన్ అనే ఆయన టీ కొట్టు వెనక వేరే గది చూసిపెట్టాడు. "మీ అత్తకి ఇది అన్న ఇల్లు కాదని సెప్పు" అని, పనికి టైమైందని వెళ్ళిపోయాడు.

గది చిన్నది. కిటికీలోంచి సందు కనిపిస్తుంది. సందులో ఒక చీనావాడు రేకు డబ్బాలు సుత్తితో కొడుతున్నాడు. ఎవరో ఎవరినో తిడుతున్నారు, సైకిళ్ళు పోతున్నాయి. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. ఆయన పోయాక అంత నిద్ర నాకు పట్టలేదు.

రేడియో మాటలకు మెలకువ వచ్చింది. కొట్టులోకి వెళ్తే నాగప్పన్ టీ ఇచ్చాడు. రేడియోలో తమిళంలో మాట్లాడుతున్న ఆవిడ, కొలంబోలో ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటలు అంది. గోడ మీద గడియారం రెండు చూపిస్తోంది.

"మీ గడియారం పాడైందా?" అని అడిగాను.

"గడియారం బాగానే ఉంది. ఇండియా, సిలోన్ టైం మనకంటే రెండు గంటలు ఎనక లా. మనకి తెల్లారినాక వాళ్ళకి తెల్లారేది" అన్నాడు నాగప్పన్.

యుద్ధంలో జపానువాళ్ళు వచ్చినప్పుడు గడియారాలన్నీ వాళ్ళ దేశం టైముకు తిప్పించారు. నేను అప్పుడు పెళ్ళికాని పిల్లని. ఎస్టేటు ఆఫీసు గడియారం తిప్పడం కళ్ళారా చూశాను. గంగయ్య తాత మాత్రం దేన్నీ తిప్పలేదు. ఇండియాలో అచ్చయిన గంటలను ఇక్కడి గంటలకే అంటగట్టి, అందరికీ పెళ్ళిళ్ళు చేశాడు, బారసాలలు చేశాడు. నా తలంబ్రాలు కూడా ఏ దుర్ముహూర్తంలో పడ్డాయో తెలియదు.

టీ గ్లాసు పట్టుకుని లెక్క చూసుకున్నాను. వాళ్ళ అయిదు మన ఏడు. ఆయన పోయింది ఆరింటికి. ధనిష్ఠ వచ్చేసరికి ఆయన లేడు. దోషం లేదు. ఇల్లు వదలనక్కరలేదు.

నాకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. ఎన్నో రోజుల తరువాత నాకు ఏదో ఒకటి అనిపించింది, అదీ కోపం. గంగయ్య తాత మీద కాదు, రేడియోలో మాట్లాడిన ఆవిడ మీద. ఆవిడ ఆ టైము చెప్పకుండా ఉంటే ఆ గదిలోకి వచ్చి పడి ఉండేదాన్ని. నక్షత్రం పొమ్మంది గనక పోతున్నానని అందరితో చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎవరూ పొమ్మనడం లేదు. పోవాలంటే నా అంతట నేను పోవాలి. మొగుడి ఇల్లు, ఆయన మట్టి, అత్త, అన్నీ వదులుకుని.

తిరుగు బస్సులో నోరు మూసుకుంటే సరిపోతుందనుకున్నాను. ఎవరికీ తెలియదు. కానీ అత్త రోజూ పొద్దుగూకే ముందు కొడుకును పూడ్చిన చోటికి వెళ్ళి కూర్చుంటుంది. లేని దోషం చూపించి ఆమెను అక్కడి నుంచి లేపుకుపోవడానికి నాకు మనసొప్పలేదు.

వరండాలో అత్త అన్నం వారుస్తోంది. ఎదురుగా కూర్చుని, "తాత తప్పు సూసినాడు అత్తా" అని మొదలుపెట్టి, రేడియో సంగతీ గడియారం సంగతీ చెప్పాను. గంజి చివరి బొట్టు కారేదాకా అత్త గిన్నె వంచే ఉంచింది.

"అంటే దోసం లేదేటి?"

"లేదు. ధనిష్ఠ రాకముందే పోనారు. మనం ఇక్కడే ఉండొచ్చు."

"మరి ఏ దోసమూ లేకుండానే పోనాడేటి నా కొడుకు" అంది అత్త. నన్ను అడిగినట్టు లేదు. కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఉంటావేటి మరి?"

ఉంటానని చెప్పడం సులువు. నోటిదాకా వచ్చింది.

"ఉండలేను అత్తా. పొద్దున గంట కొట్టినప్పుడల్లా ఆయన మళ్ళీ పోతన్నట్టుంటాది. బకెట్టు పట్టుకుని ఎలా నడుస్తన్నానో నాకే తెలదు. తాత ఇల్లు ఒగ్గేయమన్నప్పుడు నాకు సంతోసమైంది. నీ కొడుకు మట్టి ఆరకముందే సంతోసమైంది. అదీ నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. అత్త గిన్నె మీద మూత పెట్టింది.

"ఈ మాట గంగయ్యకి సెప్పకు."

"సెప్పాల కదా. అందరికీ తప్పే సూస్తన్నాడు."

"మనం ఎలిపోయినాక ఎవులిసేతనో కబురెట్టు. ఇప్పుడు సెప్పకు. నీ ఇష్టానికి నువ్వు ఎలిపోనావంటే లైన్లలో నిన్ను బతకనివ్వరు. మొగుడు పోనాడో లేదో పట్నం పోనాదంటారు. నచ్చత్రం పంపినాదంటే ఏటీ అనలేరు. ఆ నచ్చత్రాన్ని అలగే ఉండనీ."

ఆమె వైపు చూడలేకపోయాను. "నువ్వెక్కడికి పోతావు అత్తా? కాపారేనా?" అన్నాను.

"రెండు ఊళ్ళకీ బస్సు ఒకటే గదా. ఎక్కినాక సూద్దాం" అని, నా ముందు కంచం పెట్టింది.

నెలాఖరున ఇల్లు మారిముత్తుకు అప్పగించాం. గేటు దగ్గర ఆడపోలీసు మా మూటలు విప్పి, చీరలన్నీ దులిపి చూసింది. గంగయ్య తాత అంత దూరం నడిచి వచ్చాడు. "గడువయినాక కబురెట్టండి. మంచిరోజు నానే సూసి పెడతాను" అన్నాడు. ఆ ఇల్లు మళ్ళీ మాది కాదని ఆయనకు తెలియకపోలేదు. అత్త "అలగే మావా" అంది.

బస్సులో అత్త మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కిటికీ వైపు నన్ను కూర్చోమంది. రబ్బరు తోటలు అయిపోయాయి, కొబ్బరితోటలు మొదలయ్యాయి. ఏ ఊరికి టికెట్టు తీసుకుందో నాకు చూపించలేదు, నేను అడగలేదు. అత్త కాపార్‌లో దిగిపోతే పొమ్మనాలి, ఆపకూడదు అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

కాపార్‌లో బస్సు ఆగింది. రోడ్డు పక్కన వెంకటరావు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేము ఆ బస్సుకు వస్తున్నామని ఎవరో చెప్పినట్టున్నారు. అక్కను చూసి చేయెత్తాడు. అత్త కిటికీలోంచి తమ్ముణ్ణి చూసి, "ఒంట్లో బాగుందేటి మీ ఆడదానికి?" అని అడిగింది. అతను ఏదో చెబుతుండగానే, ఒళ్ళో మూట తీసి కాళ్ళ దగ్గర, సీటు కిందకు తోసింది.

బస్సు క్లాంగ్ వైపు కదిలింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. బస్సులో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూసేంత ఏడుపు. అత్త నన్ను ఊరుకోమనలేదు.